డిగ్రీకీ తొలి జీతానికీ నడుమ

ఇంజినీరింగ్ ఆఖరి పరీక్ష రాసిన రోజుకూ తొలి జీతం ఖాతాలో పడిన రోజుకూ మధ్య కొందరికి రెండు నెలలు పడుతుంది, కొందరికి రెండేళ్లు. హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో మొదటి ఉద్యోగం ఎవరికి ఎలా దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ నడిమి కాలంలోనే దొరుకుతుంది. చదువు, తెలివి, కష్టపడే గుణం ముఖ్యమే. అయితే ఒకే చదువు చదివి, తెలివిలోనూ దాదాపు సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరు కోరుకున్న కొలువులో చేరితే, ఇంకొకరు దొరికినదాంట్లో చేరతారు. ఆ తేడాకు ఎక్కువసార్లు కారణమయ్యేది ఎదురుచూడగల శక్తి. హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు, రానుపోను ఛార్జీలు, ఇంటినుంచి వచ్చే ఫోన్లు, చుట్టాల ప్రశ్నలు అన్నీ కలిపితే ఎదురుచూపుకూ ఒక ఖర్చు ఉంది. ఒకప్పుడు ఆ ఖర్చును కంపెనీలు కొంత, ప్రభుత్వరంగ సంస్థలు కొంత మోసేవి. ఇప్పుడది దాదాపు మొత్తంగా కుటుంబం మీదికి వచ్చింది.

ఈ వ్యవహారం రెండు కొసలూ ఒక్కచోట కనిపించే ఊరు తెల్లాపూర్. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఈ గ్రామం 2018లో మున్సిపాలిటీ అయింది. ఒకవైపు బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, ఇంకోవైపు నల్లగండ్ల, గోపనపల్లి, ఆ దారినే ముందుకు పోతే నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. పక్కనే కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు. ఇరవై, పాతికేళ్ల కిందట మాదాపూర్‌లో తొలి ఉద్యోగం సంపాదించుకున్న తరంలో చాలామంది ఇప్పుడు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో, విల్లాల్లో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు కాలేజీకి వచ్చారు. మండలంలోని పాత ఇళ్లలోనూ, చుట్టుపక్కల కాలనీల్లోనూ ఇంటికి మొదటి పట్టభద్రులుగా నిలిచిన యువతీయువకులు ఉన్నారు. ఇద్దరూ వెతికేది పది కిలోమీటర్ల లోపున్న అవే గాజు భవనాల్లో ఉద్యోగం. వెతికే దారులు మాత్రం వేరు.

ఐటీ రాకముందు ఈ ప్రాంతంలో తొలి ఉద్యోగమంటే ప్రభుత్వరంగ పరిశ్రమే. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1963లో మొదలైంది. నగరం ఆ కొసన ఈసీఐఎల్ 1967లో, కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ 1970లో వచ్చాయి. పట్టా పుచ్చుకున్నవారు ముందుగా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేయించుకుని, కార్డు పుచ్చుకుని, గడువు దాటకుండా రెన్యూవల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం చూసేవారు. ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాలన్న చట్టం 1959 నాటిది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు కూడా దాని కిందికి వచ్చారు. చేరినవాళ్లకు శిక్షణ కాలంలో స్టైపెండ్ ఉండేది. పని నేర్పే బాధ్యత సంస్థదే. అయితే చేరేవాళ్లు కొద్దిమంది, చూసేవాళ్లు లెక్కలేనంతమంది. 1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’ సినిమాలో చదువుకున్న కుర్రాడు ఉద్యోగం కోసం ఢిల్లీ వీధుల్లో తిరుగుతాడు. ఆనాటి తెలుగు పట్టభద్రుడికి దిక్కు హైదరాబాద్ అని ఎవరికీ తోచకపోవడం ఆ కాలం స్థితిని చెబుతుంది.

ఆ దిక్కు మారింది 1998లో. మాదాపూర్‌లోని ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ఆ ఏడాది నవంబర్‌లో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ను, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ తన తరగతులను మొదలుపెట్టింది ఆ ఏడాదే. అంతకు పదకొండేళ్ల ముందే, 1987లో, సత్యం కంప్యూటర్స్ పుట్టింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం అమెరికా నుంచి పెద్ద ఎత్తున పని తెచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో పెద్ద సర్వీస్ కంపెనీలు ఏ బ్రాంచి వారినైనా తీసుకున్నాయి. సివిల్, మెకానికల్, కెమికల్ చదివినవారిని కూడా ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టి ఎంపిక చేసుకుని, జీతమిచ్చి నెలల తరబడి ప్రోగ్రామింగ్ నేర్పాయి. ఇన్ఫోసిస్ తన మైసూరు శిక్షణ కేంద్రాన్ని ఆ పనికోసమే కట్టింది. శిక్షణ ముగిశాక ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద కూర్చోబెట్టి జీతమిచ్చేవారు. అంటే విద్యార్థి ఉద్యోగిగా మారడానికి పట్టే కాలం ఖర్చును కంపెనీలు తమ లెక్కల్లో రాసుకున్నాయి. ఇప్పుడు నలభైల్లో ఉన్న తెల్లాపూర్ గృహస్థుల్లో చాలామందికి తొలి అవకాశం అలా దొరికిందే. దీనివల్ల వాళ్ల తెలివితేటలు ఏమాత్రం తక్కువైపోవు. కాకపోతే ఆ రోజుల్లో తెలివికి తోడుగా ఓపిక పట్టే యజమాని కూడా దొరికాడన్న సంగతి, నేటి పిల్లలకు సలహా చెప్పేటప్పుడు గుర్తుంచుకోవలసినది.

ఈలోగా కాలేజీలు పెరిగాయి. ఎంసెట్ 1986లో మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టే స్థితిని పెద్దగా దాటలేదు. 2010 నాటికి అవి ఆరు వందలు దాటాయి. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోవడానికి ఈ విస్తరణ కూడా ఒక కారణం. ఆ రోజుల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేదింటి పిల్లలకు కన్వీనర్ కోటా తలుపులు తెరిచింది. వ్యవసాయ కూలీల ఇళ్లలోంచి, ఆటో డ్రైవర్ల ఇళ్లలోంచి ఇంజినీర్లు రావడం తెలుగునాట జరిగిన గొప్ప మార్పుల్లో ఒకటి. అయితే పథకం నాలుగేళ్లకే ఉంది. అయిదో ఏడు, ఉద్యోగం వెతుక్కునే ఏడు, ఏ పథకం కిందికీ రాదు. పైగా ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయినప్పుడు కొన్ని కాలేజీలు ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటాయి. కంపెనీ ఒరిజినల్స్ చూపించమన్న వేళకు ప్రొవిజనల్ సర్టిఫికెట్టూ, మార్కుల మెమోలూ కాలేజీ బీరువాలోనే ఉండిపోతాయి. చదువు ఉచితంగా అందినా, ఆ చదువుకు రుజువు చేతికి అందని ఇబ్బంది ఇది.

ఉద్యోగాలు పెరగలేదని అనలేము. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో రాష్ట్రంలో ఐటీ ఉద్యోగులు 3,23,396 మంది. 2022-23 నాటికి 9,05,715 మంది. తొమ్మిదేళ్లలో 5.8 లక్షలు పెరిగినట్టు. సగటున చూస్తే ఏటా 65 వేలకు కాస్త తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఏటా బయటికి వచ్చేవారు లక్షకు పైనే. ఈ ఉద్యోగాలకు ఒడిశా, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, బెంగాల్ పిల్లలూ పోటీపడతారు. అనుభవం ఉన్నవారూ వస్తారు. ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే, కొలువు రాని కుర్రాడిని పట్టుకుని సరిగా చదవలేదని తేల్చేయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

తొలి ఉద్యోగానికి రాజమార్గం క్యాంపస్ ప్లేస్‌మెంట్. ఆఖరి ఏడాది మొదలవగానే కంపెనీలు కాలేజీకి వస్తాయి. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ అరవై శాతం ఉండాలనే కటాఫ్, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదనే షరతు, ఆపైన ఆన్‌లైన్ పరీక్ష, కోడింగ్ రౌండు, టెక్నికల్, హెచ్ఆర్. కంపెనీలు అన్ని కాలేజీలకూ రావు. పేరున్న కొన్ని పదుల కాలేజీలకు వరసగా వస్తాయి. మిగిలినవాటికి పూల్ డ్రైవ్‌లే గతి. అక్కడ ఒక కాలేజీ ఆవరణలో పది కాలేజీల పిల్లలు తెల్లారకముందే బస్సు దిగి వరసలో నిలబడతారు. ఎంసెట్‌లో కొన్ని వేల ర్యాంకుల తేడా పద్దెనిమిదేళ్ల వయసులో ఏ కాలేజీలో పడేసిందో, ఇరవై రెండేళ్ల వయసులో ఏ కంపెనీ ఎదుట నిలబడే అవకాశం ఉంటుందో చాలావరకు అదే తేల్చేస్తోంది. మధ్యలో నాలుగేళ్లు ఎంత నేర్చుకున్నా ఆ గీత దాటడం కష్టం. కాలేజీ పేరుతో పనిలేకుండా ఎవరైనా రాయగల జాతీయ స్థాయి పరీక్షలు 2018 నుంచి టీసీఎస్ వంటి కంపెనీలు పెట్టడం ఈ గోడకు కొట్టిన చిన్న కిటికీ. దాన్ని ఆహ్వానించాలి.

క్యాంపస్‌లో రానివారికి మిగిలింది ఆఫ్ క్యాంపస్. ఆఫ్ క్యాంపస్ అనగానే తెలుగు విద్యార్థికి గుర్తొచ్చే చోటు అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న సందుల్లో అంతస్తుకో కోచింగ్ సెంటర్. బోర్డుల మీద ఉన్న పేర్లను కాలక్రమంలో పేర్చుకుంటే ప్రపంచ సాఫ్ట్‌వేర్ చరిత్ర క్లుప్తంగా కనిపిస్తుంది: మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా, డాట్ నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్, సెలీనియం, డెవ్ఆప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జనరేటివ్ ఏఐ. మొదటి రెండు మూడు రోజులు డెమో క్లాసు ఉచితం. నచ్చితే ఫీజు కట్టి బ్యాచ్‌లో చేరడమే. హాలులో వందల మంది, మైకు పట్టుకున్న ఫ్యాకల్టీ, బోర్డు మీద రన్నింగ్ నోట్స్, కింద జిరాక్స్ షాపులో మెటీరియల్. పొద్దున ఇంటర్వ్యూకు వెళ్లివచ్చినవాళ్లు అక్కడ అడిగిన ప్రశ్నలను సాయంత్రానికల్లా మిగతావారికి చెప్పేస్తారు. తమకు రాని ఉద్యోగం పక్కవాడికి రావాలని అంత ఉదారంగా పంచుకోవడం, పోటీ గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ప్రస్తావించని సంగతి.

అమీర్‌పేటను చులకన చేసి మాట్లాడేవారు పేరున్న కాలేజీల్లో చదివినవారిలో ఎక్కువ. ఆ చులకన తగదు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లో హఠాత్తుగా ఇంగ్లీషులోకి మారి, బీటెక్‌లో పుస్తకం అర్థం కాక గైడ్లతో గట్టెక్కిన పిల్లకు తెలుగులో నవ్విస్తూ, తిడుతూ, మళ్లీ మళ్లీ చెబుతూ ఆబ్జెక్ట్ అంటే ఏమిటో, మెమరీ ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పిన మొదటి గురువు చాలామందికి అక్కడే దొరికాడు. కాలేజీలు చేయవలసిన పని అది. అవి చేయకపోతే సందుల్లో వెలిసిన సెంటర్లు కొన్ని వేల రూపాయల ఫీజుకు చేశాయి. వాటికి ఒక పరిమితి మాత్రం ఉంది. అవి గిరాకీ వెంట నడుస్తాయి. బజారులో ఏది అడుగుతున్నారో చూసి దాని బోర్డు కడతాయి; వేలమంది ఒకేసారి అదే కోర్సు పూర్తి చేసి బయటికి వచ్చేసరికి ఆ గిరాకీ తగ్గి ఇంకొకటి మొదలవుతుంది. అప్పుడు ఇంకో కోర్సు, ఇంకో ఫీజు, ఇంకో నాలుగు నెలలు.

ఎదురుచూపు ఖర్చు ఇక్కడ స్పష్టంగా లెక్కకు వస్తుంది. ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట, కేపీహెచ్‌బీ, మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో గదికి ముగ్గురు, నలుగురు, అయిదుగురు. మంచాల సంఖ్య పెరిగినకొద్దీ అద్దె తగ్గుతుంది. మెట్రో 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, ఆ ఏడాది నవంబర్‌లో రాయదుర్గానికి చేరాక ప్రయాణం సుఖపడింది గాని, రోజూ రెండుసార్లు టికెట్ కొనడం అందరికీ తేలిక కాదు. అందుకని ఇంటర్వ్యూ ఉన్న రోజున మెట్రో, లేని రోజున బస్సు. తెల్లాపూర్ ఇంట్లో తల్లిదండ్రుల దగ్గరుండి వెతుక్కునే కుర్రాడికి మంచం, తిండి, వైఫై ఖర్చు లేదు. వాడు ఏడాది ఆగి మంచి కంపెనీ కోసం చూడగలడు. నల్లగొండ, ప్రకాశం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చినవాడికి ఇంటినుంచి పంపే ప్రతి వెయ్యీ ఎక్కడినుంచి వస్తోందో తెలుసు. నెలాఖరున తండ్రి ఫోన్ చేసి “ఏమైంది నాన్నా, ఆ కంపెనీది?” అని మెల్లగా అడిగినప్పుడు, కోపంతో అడిగినా బాగుండుననిపిస్తుంది. వాడు ఆరు నెలలకే కాల్ సెంటర్‌లోనో, డేటా ఎంట్రీలోనో చేరిపోతాడు. ఒకసారి చేరాక చదివిన చదువుకు తగిన దారిలోకి రావడం ఇంకా కష్టమవుతుంది.

అమ్మాయిలకు ఈ కాలం ఇంకా తక్కువ. ఉద్యోగం రాకుండా ఏడాది గడిస్తే ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. “పెళ్లయ్యాక చేసుకోవచ్చులే అమ్మా” అన్న మాట ఎంత ప్రేమగా అన్నా, అది గడువు విధించే మాటే. కొలువు వచ్చిన అమ్మాయి పెళ్లి విషయంలో మాట్లాడగలుగుతుంది; రాని అమ్మాయి మాట వినేవారు తగ్గిపోతారు. అందుకే వాళ్లలో చాలామంది మొదటి ఆఫర్‌నే పట్టుకుంటారు, జీతం గురించి బేరమాడరు. ఈ నష్టం ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనిపించదు.

ఎదురుచూపును మరింత బరువు చేసేది బ్యాచ్ లెక్క. డ్రైవ్ ప్రకటనల్లో ఏ ఏడాది పాసైనవారికి అవకాశమో ముందే రాస్తారు. ఒక ఏడాది జారిపోతే మరుసటి ఏటి ప్రకటనల్లో సగం వర్తించవు. రెండేళ్లు జారితే గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతారు. జపాన్‌లో ఇది ఇంకా కఠినం. అక్కడి పెద్ద కంపెనీలు ఆ ఏడాది పట్టభద్రులను ఒక్కసారిగా ఏప్రిల్ 1న చేర్చుకుంటాయి. 1990ల మాంద్యంలో ఆ రైలు తప్పినవారు దశాబ్దాలపాటు తాత్కాలిక ఉద్యోగాల్లోనే ఉండిపోయారు. కెనడా పట్టభద్రుల మీద ఒరియోపౌలోస్, వాన్ వాక్టర్, హైజ్ అనే ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనం, మాంద్యం వేళ పట్టా పుచ్చుకున్నవారి సంపాదన మొదట్లో తొమ్మిది శాతం దాకా తగ్గుతుందనీ, ఆ లోటు పూర్తిగా పూడడానికి పదేళ్లు పడుతుందనీ తేల్చింది. పుట్టిన ఏడాది బట్టి అదృష్టం నిర్ణయమవడమే ఇది. హైదరాబాద్‌లో 2009 బ్యాచ్‌కు ఆ అనుభవం బాగా తెలుసు. అమెరికా సంక్షోభంతో నియామకాలు నిలిచిన వేళలోనే, ఆ ఏడాది జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడింది. 2021లోనూ 2022 మొదట్లోనూ కంపెనీలు ఎగబడి కొత్తవారిని తీసుకున్నాయి. ఆ తరువాత గిరాకీ పడిపోయాక ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవారికి జాయినింగ్ డేటు రాకుండా నెలలు, కొందరికి రెండేళ్ల దాకా గడిచింది. చేతిలో ఆఫర్ ఉంది కాబట్టి వేరేచోట చేరలేక, జీతం లేదు కాబట్టి ఇంట్లో మొహం చూపలేక ఆ పిల్లలు పడిన నలుగుడుకు పరిహారమేదీ లేదు.

ఈ మధ్యకాలంలో అన్నిటికన్నా నమ్మకమైన దారి రిఫరల్. లోపల పనిచేసేవారు రెజ్యూమెను తమ కంపెనీ పోర్టల్‌లో పెడితే దాన్ని కనీసం ఒకరు తెరిచి చూస్తారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1970 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని విచారించాడు. సగానికి పైగా తెలిసినవారి ద్వారానే ఉద్యోగం దొరికిందన్నారు. ఆ తెలిసినవారిలో ఎక్కువమంది తరచుగా కలిసే ఆప్తులు కాదు, ఎప్పుడో ఒకసారి తారసపడే ముఖపరిచయస్తులు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో సాయంత్రం వాకింగ్ ట్రాక్ మీద, బతుకమ్మ ఆటలో, వినాయక మండపం దగ్గర అలాంటి పరిచయాలు వాటంతట అవే ఏర్పడతాయి. ఫలానా అంకుల్ ఫలానా కంపెనీలో మేనేజర్ అని అక్కడి పిల్లలకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇంటికి మొదటి పట్టభద్రుడైన కుర్రాడికి ప్రాణమిచ్చే చుట్టాలు ఉంటారు గాని, వాళ్లలో పోర్టల్‌లో పేరు పెట్టగలవారు ఉండరు. అదే కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్న తండ్రి, లోపలి ఫ్లాట్ల మేనేజర్లకు రోజూ నమస్కారం పెడుతూ కూడా, “మావాడు బీటెక్ అయ్యాడు సార్, కాస్త చూడండి” అన్న మాట నోటిదాకా తెచ్చుకుని ఆగిపోవచ్చు. అతను అడిగేదాకా ఆగకుండా అడగవలసింది లోపలివారే. రెజ్యూమె ఒకటి అప్‌లోడ్ చేయడానికి పది నిమిషాలు చాలు.

దారులన్నీ మూసుకున్నట్టు తోచినప్పుడు ఎదురయ్యేవి దొంగదారులు. లక్షో రెండు లక్షలో ఇస్తే బ్యాక్‌డోర్‌లో చేరుస్తామనే కన్సల్టెన్సీలు, డిపాజిట్ కట్టించుకుని రెండు నెలలు జీతమిచ్చి బోర్డు తిప్పేసే ఆఫీసులు, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు పేస్లిప్పులూ రిలీవింగ్ లెటరూ తయారుచేసి ఇచ్చేవారు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తెరవెనక నుంచి జవాబులు చెప్పే ప్రాక్సీలు. మాదాపూర్ పరిసరాల్లో ఇలాంటి మోసాల మీద సైబరాబాద్ పోలీసులు ఏటా కేసులు పెడుతూనే ఉన్నారు. దొంగ అనుభవం ఇప్పుడు నిలవడం లేదు కూడా. ప్రావిడెంట్ ఫండ్‌లో 2014 నుంచి ఒక్కో ఉద్యోగికీ ఒక యూఏఎన్ నంబరు ఉంది. ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో అందులో తెలిసిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే గాక ఆ పేరు మళ్లీ ఆ కంపెనీ గడప తొక్కదు. తప్పు తప్పే. అయినా దాన్ని అమ్మేవాడి తప్పుకూ కొనేవాడి తప్పుకూ తేడా ఉంది. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి కట్టిన డబ్బుతో చేరిన కుర్రాడు మొదటి రోజు నుంచి భయంతో బతుకుతాడు. అమ్మినవాడు వేరే పేరుతో ఇంకో బోర్డు కట్టుకుంటాడు. కేసులు నిలవవలసింది అతని మీద.

ఆగలేనివారిలో స్తోమత ఉన్నవారూ, అప్పు పుట్టినవారూ ఎమ్మెస్‌కని అమెరికా వెళ్తారు. అక్కడ ఎదురుచూపుకు చట్టమే గడువు పెట్టింది. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక ఉద్యోగ అనుమతి మీద ఉన్న పన్నెండు నెలల్లో మొత్తం తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికి ఓపీటీ మరో రెండేళ్లు పొడిగిస్తారు. అప్పుడు ఆ గడువు మొత్తం 150 రోజులు. ఆపైన హెచ్‌వన్‌బీ వీసా లాటరీ. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌వన్‌బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ దారి మరింత ఇరుకైంది. ముప్పై, నలభై లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని తొంభై రోజులు లెక్కపెట్టుకునే పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. అమీర్‌పేట హాస్టల్ గది అక్కడ అపార్ట్‌మెంట్‌గా మారుతుంది, ఒకే హాలులో నలుగురు పడుకోవడం మాత్రం మారదు.

ఎంపిక పద్ధతి కూడా ఈ మధ్య మారింది. పెద్ద సర్వీస్ కంపెనీల్లో కొత్తవారి ప్యాకేజీ పదిహేనేళ్లుగా మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోంది. ఈలోగా గచ్చిబౌలి అద్దెలు ఎన్ని రెట్లు పెరిగాయో అందరికీ తెలుసు. ఇంకోవైపు విదేశీ బ్యాంకులు, బీమా, ఔషధ, చిల్లర వ్యాపార సంస్థలు సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు హైదరాబాద్‌లో వందల్లో వచ్చాయి. జీతం మెరుగ్గా ఉంటుంది గాని వాటికి కొద్దిమందే చాలు, ఆ కొద్దిమందీ ఇంటర్న్‌షిప్‌లో ముందే పని చూపినవారై ఉండాలి. కోడ్ రాయడంలో కొత్తవారు చేసే చిన్న పనులను కృత్రిమ మేధ పరికరాలు చేయడం మొదలుపెట్టాక, తీసుకుని నేర్పుదామనే ఓపిక ఇంకా తగ్గింది. కొత్తవారిని ఎవరూ తీసుకోకపోతే పదేళ్ల తరువాత అనుభవజ్ఞులు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్న కంపెనీలు తమను తాము వేసుకోవాలి.

ఎదురుచూపు ఖర్చును ప్రభుత్వం కొంత పంచుకునే ప్రయత్నాలు లేకపోలేదు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ కాలేజీల్లో శిక్షణ ఇస్తున్నాయి. జాతీయ అప్రెంటిస్ పథకంలో పట్టభద్రులకు 2019లో నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. అందులో సగం కేంద్రం భరిస్తుంది. 2024 అక్టోబర్‌లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద ఏడాదిపాటు నెలకు అయిదు వేలు ఇస్తామన్నారు. ఆలోచన మంచిదే. కానీ మాదాపూర్‌లో ముగ్గురు పంచుకునే గదిలో ఒక మంచానికే ఆ డబ్బు చాలడం కష్టం. ఊరినుంచి వచ్చినవారికి ప్రభుత్వమే కొన్నాళ్లపాటు హాస్టల్ వసతి ఇవ్వగలిగితే, శిక్షణ మీద పెట్టే డబ్బుకన్నా ఎక్కువ ఫలితం ఉండవచ్చు. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ హాస్టళ్లు చదువు ముగిసిన రోజునే ఖాళీ చేయమంటాయి. ఆ గడువును ఏడాది పొడిగించడం కొత్త పథకం పెట్టడమంత కష్టమైన పని కాదు.

చివరికి మెయిల్ వస్తుంది. ఆఫర్ లెటర్‌లో మొదట చూసే అంకె సీటీసీ. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కలిసి ఉంటాయి కాబట్టి చేతికి వచ్చేది దానికన్నా తక్కువ. తరువాత చూడవలసింది బాండు. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలన్న షరతు చెల్లదని అనుకోవడం పొరపాటు. మూడేళ్లలోపు వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని కంపెనీ ఎంత రాస్తే అంతా వసూలు చేసుకోగలదనీ కాదు. ఒప్పంద చట్టం 74వ సెక్షన్ కింద దక్కేది సమంజసమైన పరిహారమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టమనే చోట మాత్రం ఆగి ఆలోచించాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఉద్యోగం ఇవ్వడానికి ముందు డబ్బు అడిగే ఏ సంస్థనూ నమ్మనక్కర్లేదు.

చేరిన రోజున లాప్‌టాప్, ఐడీ కార్డు, బ్యాంకు ఖాతా, యూఏఎన్ నంబరు ఇస్తారు. ప్రొబేషన్ మామూలుగా ఆరు నెలలు. తొలి జీతంతో తెల్లాపూర్‌లో సొంతంగా ఫ్లాటు అద్దెకు తీసుకోవడం కుదరదు. ముగ్గురో నలుగురో కలిసి తీసుకుంటారు, లేదా హాస్టల్‌లోనే ఇంకో ఏడాది గడుపుతారు. చాలామంది ఇళ్లలో మొదట తీరేవి చదువు అప్పు, చెల్లి ఫీజు. రెండేళ్ల అనుభవం, మూడు నాలుగు చెప్పుకోదగిన పనులు రెజ్యూమెలోకి చేరాక రెండో ఉద్యోగం వెతుకులాట మొదలవుతుంది. అప్పుడు పదో తరగతి మార్కులు, కాలేజీ పేరు, పాసైన ఏడాది వెనక్కి పోతాయి. అడిగేది చేసిన పని గురించి, నోటీస్ పీరియడ్ గురించి. అప్పుడు ఎదురుచూపు ఖర్చును మొదటి కంపెనీ ఇచ్చే జీతమే భరిస్తుంది.